మూడు పులిపిర్లూ, ఒక తెల్లమచ్చా

పిలవని పేరంటానికి వచ్చేవాళ్ళను అందరూ చూసే ఉంటారు. వచ్చి ఐదేళ్ళయినా కదలని వాళ్ళను ఎక్కడైనా చూశారా? నేను చూశాను. నా కుడిచేతి మీదే చూశాను. చూపుడువేలి గోరు పక్కన ఒకటి, నడిమివేలి కణుపు మీద ఒకటి, ఉంగరపు వేలి కణుపు మీద ఇంకొకటి. ముచ్చటగా మూడు పులిపిర్లు. మొదట జొన్నగింజంత ఉండేవి. తర్వాత కందిగింజంతయ్యాయి. ఆ తర్వాత శనగగింజంతయ్యాయి. అపరాలన్నీ అయిపోయాయి గనక ఇక ఆగుతాయిలే అనుకున్నాను.

నొప్పా అంటే నొప్పి కాదు. అలాగని ఊరుకుంటాయా అంటే అదీ లేదు. చీర కుచ్చిళ్ళు పోసుకుంటుంటే జరీ పోగు పట్టుకుని లాగుతాయి. బియ్యం కడుగుతుంటే గింజలకు అడ్డం పడతాయి. పండుమిరపకాయ పచ్చడి నూరిన రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. పులిపిరి పైన చిన్న పగులుంటే చాలు, పల్నాటి మిరపకాయ తన పౌరుషమంతా అక్కడే చూపిస్తుంది.

"పులిపిరికి కూడా డాక్టరేమిటే, సున్నం పెడితే అదే రాలిపోతుంది" అన్నారు మా అత్తగారు. సున్నానికి మాకేం కొదవ? పిడుగురాళ్ళ బట్టీల సున్నం ఊళ్ళు దాటి పోతుంటే, పక్కనే ఉన్న నరసరావుపేటలో మాకు చిటికెడు దొరకదా? సున్నంలో చాకలిసోడా కలిపి ఆవిడే స్వహస్తాలతో పెట్టారు. పులిపిరి నిజంగానే రాలిపోయింది. దానితో పాటు చుట్టూ ఉన్న చర్మమూ ఊడి, పదిహేను రోజులు ఎడమచేత్తో అన్నం తిన్నాను. రెండు నెలలకు అది తిరిగొచ్చింది. ఒంటరిగా వెళ్ళింది, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నా మూడు పులిపిర్ల వంశవృక్షం అదన్న మాట.

తర్వాత గుర్రపు వెంట్రుక. దాన్ని మొదట్లో బిగించి కడితే పులిపిరి ఎండి పడిపోతుందట. జట్కాలున్న రోజుల్లో అయితే స్టేషను దగ్గరికి పోతే సరిపోయేది. ఇప్పుడు గుర్రం కావాలంటే ఎవరింట్లోనైనా పెళ్ళి ఊరేగింపు జరగాలి. అత్తగారు పట్టు వదల్లేదు. ఒక ఊరేగింపులో గుర్రపువాడికి ఇరవై రూపాయలిచ్చి రెండు వెంట్రుకలు సంపాదించారు. కట్టాం. సగం నల్లబడింది, సగం రాలింది, మిగిలిన సగం మళ్ళీ పెరిగి మొత్తమయింది. ఆ పైన మావారి స్నేహితుడొకాయన ఇచ్చిన హోమియో మందు తూజా. తియ్యటి మాత్రలు గనక కష్టం లేకుండా ఆర్నెల్లు వేసుకున్నాను. పులిపిర్లకు కూడా ఏ కష్టమూ కలగలేదు.

నిజానికి ఈ పులిపిరనేది ఒక వైరసు పని. చర్మంలో కంటికి కనపడని గీత దొరికితే చాలు, లోపలికి దూరి పై పొరను గబగబా పెంచేస్తుంది. 1907లో ఇటలీలో చుఫో అనే వైద్యుడు పులిపిరి రసాన్ని సూక్ష్మజీవులు కూడా దాటలేనంత సన్నటి వడపోతలో వడగట్టి, తన చేతికే ఎక్కించుకున్నాడట. కొన్నాళ్ళకు అక్కడ పులిపిర్లు లేచాయి. అలా తెలిసింది ఇది అంటుకునే సరుకని. పిల్లలకొచ్చేవి చాలావరకు రెండేళ్ళలో వాటంతటవే పోతాయి. ఒంట్లోని రక్షణశక్తి ఆ వైరసును గుర్తుపట్టిన నాడు మందూ మాకూ లేకుండానే మాయమవుతాయి. మంత్రం వేసినవాడికీ, వెంట్రుక కట్టినవాడికీ పేరు రావడం అందుకే. పెద్దవాళ్ళలో మాత్రం ఆ గుర్తుపట్టడం ఆలస్యం.

అంటుకునే సరుకని చెప్పాను కదా. అయినా ఈ ఐదేళ్ళలో నా చేతి కాఫీ వద్దన్నవాళ్ళు లేరు. నా చేతి కుంకుమ వద్దన్నవాళ్ళు లేరు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో తర్వాత పనుంది.

కార్తీకంలో మా అమ్మాయికి సంబంధం ఖాయమయింది. ఫాల్గుణంలో ముహూర్తం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది గనక నగలూ చీరలూ అన్నీ ఫోనులోనే మాట్లాడుకుంటున్నాం. ఒకరోజు చీరల మధ్యలో హఠాత్తుగా, "అమ్మా, పెళ్ళిలో తాంబూలాలిచ్చేది నువ్వే. వీడియోలో నీ చేతులే పడతాయి. ఆ పులిపిర్లు తీయించుకోవే. ఇప్పుడు లేసరుంది, ఒక్కరోజులో పోతాయి" అంది.

"లేసరంటే కాల్చడమేగా?" అన్నాను.

"కాలిస్తే కాలుస్తారు, పోతాయిగా!"

ఆ రాత్రి మావారు ఒక తెల్లకాయితం తీశారు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. ఆయనకు ఏ సమస్య వచ్చినా కాయితం మధ్యలో నిలువుగీత గీస్తేగానీ పరిష్కారం తోచదు. ఎడమపక్క 'లేసరు' అని రాశారు. కుడిపక్క 'గడ్డకట్టించడం' అని రాశారు. ఆ రెండో సంగతి ఆయన స్నేహితుడికి జరిగిందట. "వాడి అరికాలికి పొగలుకక్కే చలిమందు కొట్టారోయ్, పదిహేను రోజుల్లో ఊడి పడింది" అన్నారు. రెండు పక్కలా ఖాళీ ఉంచారు, నింపుకుందామని.

ముందు గుంటూరు వెళ్ళాం, లేసరు పక్క నింపడానికి. అద్దాల తలుపులూ, లోపల చల్లదనమూ, గోడలనిండా మచ్చలేని అమ్మాయిల బొమ్మలూ. డాక్టరుగారికంటే ముందు బల్ల దగ్గర కూచున్న అమ్మాయి నా చెయ్యి చూసింది. ఫోటో తీసింది. మూడింటికీ కలిపి ప్యాకేజీ అంది. ఆవిడ చెప్పిన మొత్తం మా ఇంటి ఏడాది పాలబిల్లు. "ఒక్క సిట్టింగులో పోతాయి మేడమ్, గ్యారంటీ" అంది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. కార్డా, క్యాషా అని. మావారు కాయితం జేబులో పెట్టుకుని, "ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం" అన్నారు.

లేసరు మీద నాకు కోపమేమీ లేదు సుమండీ. పైగా ఆ సంగతి తెలిశాక కాస్త గర్వం కూడా కలిగింది. పులిపిర్లకు వాడే బొగ్గుపులుసు వాయువు లేసరును 1964లో కనిపెట్టింది మనవాడే. మహారాష్ట్రలో బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన కుమార్ పటేల్. ఆ లేసరు వెలుగు కంటికి కనపడదు. చర్మకణాల్లో ఉన్న నీరు దాన్ని తాగేసి, ఒక్క క్షణంలో ఆవిరై, కణాన్ని కూడా ఆవిరి చేస్తుంది. కత్తి లేకుండా పొరపొరగా చెక్కినట్టన్న మాట. రక్తం పెద్దగా రాదు. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

తర్వాత మా ఊళ్ళోనే ఒక చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్ళాం. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయింది గానీ, నరసరావుపేట అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఆసుపత్రుల ఊరు. మాచర్ల, వినుకొండ, గురజాల బస్సుల్లో దిగేవాళ్ళలో చేతిలో ఎక్స్‌రే కవరు లేనివాళ్ళు తక్కువ. ఆ డాక్టరమ్మ దగ్గరా అంతే. గంటన్నర కూచున్నాక పిలుపొచ్చింది.

"గ్యారంటీ ఉందా అమ్మా?" అని మావారు కాయితం తీస్తూనే అడిగారు.

"గ్యారంటీ ఇచ్చేది ప్రెషర్ కుక్కరుకండీ, పులిపిరికి కాదు" అంది ఆవిడ నవ్వుతూ. మావారికి ఆ మాట నచ్చింది. కాయితం బల్లమీద పరిచారు. ఆవిడ విసుక్కోకుండా రెండు పక్కలూ నింపించింది.

లేసరయితే ముందు మత్తుసూది పొడవాలి. వేలికి పొడిచే సూది బాగా నొప్పి. పోయేది చాలావరకు ఒక్కసారిలో పోతుంది. కానీ పుండు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది, గీత మిగలొచ్చు. మన చామనఛాయ ఒంటికి, కాలిన చోట నల్లమచ్చ కొన్ని నెలలుండటం మామూలే. గోరు పక్కనున్నదాన్ని లోతుగా కాలిస్తే గోరు మొదలు దెబ్బతిని, గోరు వంకరగా రావచ్చు. ఖర్చు సరేసరి. పైగా అప్పుడు లేచే పొగలో ఆ వైరసు కూడా ఉండొచ్చు గనక, ఆ పొగను పీల్చే యంత్రమూ, డాక్టరుకు మంచి మాస్కూ ఉన్నచోటే చేయించుకోవాలి.

గడ్డకట్టించడానికయితే ద్రవ నత్రజని. మైనస్ 196 డిగ్రీలు. కొయ్యడం లేదు, మత్తు లేదు, ఖర్చు తక్కువ. రెండు మూడు వారాలకొకసారి వెళ్ళాలి, మూడు నాలుగుసార్లయినా పడుతుంది. మర్నాడు నీటిపొక్కు లేస్తుంది. 2010లో నెదర్లాండ్స్‌లో 250 మంది మీద పోల్చి చూశారట. మామూలు పులిపిర్లకు పదమూడు వారాల్లో చలివైద్యంతో సుమారు సగం మందికి నయమయింది. సాలిసిలిక్ ఆమ్లం పూతతో ఏడుగురిలో ఒకరికి, ఊరికే ఉన్నవాళ్ళలో పన్నెండుమందిలో ఒకరికి పోయాయి. అరికాలి వాటికి మాత్రం మూడింటికీ పెద్ద తేడా లేదట.

"ఇంకేం, చలివైద్యమే!" అన్నారు మావారు కుడిపక్కన టిక్కు పెట్టబోతూ.

"ఆగండి" అంది డాక్టరమ్మ. "దీనికో ఇబ్బందుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు మిగతా కణాలకంటే ముందే చలికి చచ్చిపోతాయి. అందుకని ఆ చోట తెల్లమచ్చ పడవచ్చు. తెల్లవాళ్ళకయితే తెలియదు, మనకు బాగా కనపడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో రంగు తిరిగొస్తుంది. కొందరికి పూర్తిగా రాదు." అని నావైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరికైనా గాయం మానాక కండ పెరిగి గడ్డలా మిగలడం ఉందా?" అంది.

"లేదండీ."

"బొల్లి ఉందా, పుట్టింటివైపు గానీ?"

"లేదండీ" అన్నాను.

మొదటి 'లేదండీ' కాస్త ఆలోచించి అన్నాను. రెండోది ప్రశ్న పూర్తికాకముందే వచ్చేసింది. మావారు నావైపు ఒక్కసారి చూసి, కాయితం మడత పెట్టుకున్నారు. దారిలో ఆయనేమీ అనలేదు. ఏమైనా అంటే బాగుండునని నేను ఇల్లు చేరేదాకా అనుకున్నాను.

ఎందుకంటే మా పిన్నికి బొల్లి ఉంది.

మా అమ్మకు చిన్న చెల్లెలు. గురజాలలోనే ఉంటుంది. 1981లో ఆవిడకు సంబంధం కుదిరి తాంబూలాలు పుచ్చుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెళ్ళికింకా నెల ఉందనగా పిన్ని పెదవి చివర శనగబద్దంత తెల్లగా కనపడింది. పంటిగాటేమో అన్నారు. కొబ్బరినూనె రాశారు. పదిరోజులకు మోచేతి మీద ఇంకొకటి. అమ్మమ్మ తలుపులు మూసింది గానీ, గురజాలలో ఏ తలుపు మూస్తే ఏ మాట ఆగుతుంది? మగపెళ్ళివారు తాంబూలాలు తిప్పి పంపారు. పెళ్ళికి తీసిన పట్టుచీర మా అమ్మకిచ్చేశారు. ఆ చీర కట్టుకున్న రోజున అమ్మ మా పిన్ని ఎదురుగా నిలబడేది కాదు.

ఆ తర్వాత పిన్ని కుట్టుమిషను కొనుక్కుంది. ఊళ్ళో సగంమంది జాకెట్లు ఆవిడ చేతి మీదుగానే వచ్చాయి. ఆవిడ కుట్టిన జాకెట్టు ఒంటికి పనికొచ్చింది. ఆవిడ ఇచ్చే మంచినీళ్ళు మాత్రం గొంతుకు పనికి రాలేదు. పేరంటాల్లో ఆవిడను వంటింట్లోనే ఉంచేవాళ్ళు. ఆవిడకొక గ్లాసు, ఒక కంచం విడిగా ఉండేవి. ఎవరూ ఇలా చెయ్యమని చెప్పలేదు, ఎవరూ వద్దనీ చెప్పలేదు.

మాది పల్నాడండీ. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి గడ్డ. కారెంపూడిలో వీరుల తిరునాళ్ళకు ఇప్పటికీ చాపకూడు పెడతారు. చిన్నప్పుడు పిన్నే మా పిల్లలందరినీ బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళింది. ప్రసాదం నా చేతిలో పెట్టబోయింది. పెదవి మీద మచ్చ అప్పటికి చేతివేళ్ళ దాకా వచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీశాను.

పిన్ని ఏమీ అనలేదు. ప్రసాదాన్ని విస్తరాకు ముక్క మీద పెట్టి, ఆకును నావైపు జరిపింది. నేను తిన్నాను. తియ్యగానే ఉంది.

ఆ చెయ్యి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టిన ఈ చెయ్యీ ఒకటేనని ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు తోచింది. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లను, తెలియక చేశాను. ఇప్పుడేం తెలియదు నాకు? అమ్మాయి పెళ్ళి ముందు ఆ మాట నోట రానివ్వకూడదనుకున్నాను. డాక్టరమ్మ ఏమైనా మా వియ్యపురాలా? రోగమడిగితే రోగం చెప్పాలిగానీ!

బొల్లి అంటుకోదు. మన ఒంటి రక్షణశక్తే పొరపాటుపడి, రంగునిచ్చే కణాలను పరాయివనుకుని చంపేస్తుంది. అంతే. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. పాతకాలం వాళ్ళు దాన్ని శ్వేతకుష్ఠమన్నారు. ఆ పేరులో ఉన్న కుష్ఠమే ఎన్నో కొంపలు ముంచింది. అసలు కుష్టుకూ దీనికీ సంబంధమే లేదు. కుష్టు మచ్చలో స్పర్శ పోతుంది, బొల్లి మచ్చలో పోదు. ఆ కుష్టు కూడా ఇప్పుడు మాత్రలతో నయమయ్యే జబ్బే. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణంగా ఉన్న కుష్టును 2019లో తీసేశారు కూడా. బొల్లి ఏనాడూ ఆ చట్టంలో లేదు. లేని చట్టాన్ని మనమే ఇళ్ళల్లో అమలుచేశాం.

మర్నాడు మావారికి చెప్పకుండానే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. మళ్ళీ గంటన్నర. లోపలికి వెళ్ళి కూచుని, "నిన్న అబద్ధం చెప్పానండీ. మా పిన్నికుంది" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "రోజుకు నలుగురు చెబుతారమ్మా ఈ అబద్ధం. మళ్ళీ వచ్చి నిజం చెప్పినవాళ్ళు తక్కువ" అంది. "ఇది తెలిసి తీరాలి. బొల్లి తత్వం ఉన్నవాళ్ళకు గాయమైన చోట కొత్తమచ్చ లేవొచ్చు. చలిగాయమైనా అంతే, లేసరు గాయమైనా అంతే. మీకింతవరకు ఒక్కటి కూడా లేదు గనక భయపడక్కర్లేదు. కానీ మూడింటి మీదా ఒకేసారి చెయ్యను. ఒకదానిమీద తేలిగ్గా చేసి చూద్దాం. గోరు పక్కదాన్ని అసలు గడ్డకట్టించను, కాల్చను. దానికి మందుపూతే."

"లేసరు?"

"చలికి లొంగకపోతే అప్పుడు ఆలోచిద్దాం. పోవడం ఒక్కటే చూడకూడదు. పోయాక ఏం మిగులుతుందో కూడా చూడాలి. మీరు దేనితో కాపురం చెయ్యగలరు, నల్లమచ్చతోనా, తెల్లమచ్చతోనా, వంకర గోరుతోనా? అది నేను చెప్పలేను."

ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. మావారి కాయితంలో ఈ ప్రశ్నకు గడి లేదు.

"తెల్లమచ్చతోనే" అన్నాను.

చిన్న ఫ్లాస్కు మూత తియ్యగానే తెల్లటి పొగ బల్లమీదుగా జారింది. నాకు నవ్వొచ్చింది. మా తమ్ముడు పల్లెల్లో గేదెలకు సూదులు వేసే పని చేస్తాడు. ఆ సూదులకు కావలసిన సరుకును దాచే క్యాను మూత తీసినా ఇదే పొగ. అదీ ద్రవ నత్రజనే. ఒంగోలు గిత్త వంశాన్ని నిలిపే చలే నా పులిపిరి వంశాన్ని తెంచడానికొచ్చింది! డాక్టరమ్మ పదిహేను అంకెలు లెక్కపెట్టింది. ఐసును సూదిలా చెక్కి గుచ్చినట్టుంది. చేతికి నొప్పి సాయంత్రం దాకా ఉంది. మర్నాడు బఠానీ గింజంత నీటిపొక్కు. అపరాల జాబితాలో బఠానీ ఒక్కటే తక్కువయింది, అదీ వచ్చేసింది.

మూడు వారాలకొకసారి చొప్పున మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి నడిమివేలికి మాత్రమే. రెండోసారి నుంచి ఉంగరపు వేలికి కూడా. గోరు పక్కదానికి రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో వేలు నానబెట్టి, ఆకురాయితో రుద్ది, మందు పూసి, ప్లాస్టరు వెయ్యడం. ఆ ఆకురాయి ఇంకెవరూ వాడకూడదు. సంక్రాంతి వచ్చేసరికి రెండు కణుపులూ నున్నబడ్డాయి. గోరు పక్కది సగమయింది, ఇంకా అవుతోంది. ఉంగరపు వేలి మీద ఏ గుర్తూ లేదు. నడిమివేలి మీద మాత్రం శనగబద్దంత తెల్లమచ్చ.

శనగబద్దంత అని రాశాక చెయ్యి ఆగింది. పిన్ని పెదవి మీద మొదట వచ్చిందీ అంతే ఉండేది.

భోగినాడు మా వీధిలో బొమ్మలకొలువు పేరంటం. ఎదురింటావిడ మనవరాలికి భోగిపళ్ళు. నన్నే ముందు పొయ్యమన్నారు. పోశాను. తర్వాత వచ్చినవాళ్ళకు పసుపు రాసి బొట్టు పెట్టమని భరిణె నా చేతికిచ్చారు. ఇద్దరు ముగ్గురయ్యాక ఒకావిడ ముందుకొచ్చి నా వేలివైపు చూసింది. ఐదేళ్ళ నుంచి నా చేతి కాఫీ తాగిన మనిషే. "భరిణె ఇటివ్వండి వదినా, నేనే పెట్టుకుంటాను, మీకెందుకు శ్రమ" అంది. నవ్వుతూనే అంది. శ్రమా? ఆవిడకు ఇంతకు ముందు ఎన్నో మార్లు బొట్టు పెట్టాను. అప్పుడు లేని శ్రమ!

ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, అది ఇక్కడికి పనికొచ్చింది. అంటుకునే పులిపిర్లు మూడుంటే ఎవరూ జంకలేదు. అంటుకోని తెల్లమచ్చ ఒక్కటి కనపడగానే భరిణె చెయ్యి మారింది. "ఇది చలిమందు పడ్డ మచ్చండీ, బొల్లి కాదు" అని నోటిదాకా వచ్చింది. అంటే ఆవిడ మొహం తేటపడేది, భరిణె మళ్ళీ నా చేతికొచ్చేది. కానీ ఆ 'కాదు' అనే మాట నాకు డాక్టరమ్మ గదిలోని 'లేదండీ' లాగే వినపడింది. భరిణె ఆవిడకిచ్చి ఊరుకున్నాను. నాది ఒక్క సాయంత్రం. పిన్నికి నలభై ఏళ్ళు దాటాయి.

మాఘం రాగానే శుభలేఖలు వచ్చాయి. మొదటిది దేవుడి దగ్గర పెట్టాం. రెండోది తీసుకుని నేనూ మావారూ గురజాల వెళ్ళాం. ఇంతకుముందు మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా పిన్నికి కార్డు పోస్టులో వెళ్ళేది. ఆవిడ వచ్చినా తెల్లారగట్ల వచ్చి, వంటింట్లో కూరలు తరిగి, తలంబ్రాల వేళకు ఎక్కడో స్తంభం చాటునుంచి చూసి వెళ్ళేది.

పిన్నికి ఇప్పుడు అరవై ఐదు. మచ్చలన్నీ కలిసిపోయి చేతులు, మొహం దాదాపు ఒకే తెలుపు. మిషను మీద ఎవరిదో లంగా కుడుతోంది. చత్వారం అద్దాల పైనుంచి చూసి, "ఏమే, ఫోన్ చేస్తే సరిపోయేదిగా, ఇంత దూరం రావాలా?" అంది.

"బొట్టు పెట్టి పిలవడానికి వచ్చాను పిన్నీ. ఫోనులో బొట్టెలా పెడతాను?"

భరిణె తీశాను. నడిమివేలితో కుంకుమ అద్దుకుని ఆవిడ నుదుటి దాకా తీసుకెళ్ళాను. పిన్ని నా మణికట్టు పట్టుకుని ఆపింది. వేలిని వెలుగువైపు తిప్పి చూసింది. ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడని భయం చూశాను. "ఇదెప్పుడు వచ్చిందే నీకు?" అంది. గొంతు మారిపోయింది. తనకు వచ్చిన నాడు కూడా ఇంత భయపడిందో లేదో!

సంగతంతా చెప్పాను. పులిపిర్లూ, కాయితం మధ్య గీతా, గుంటూరు ప్యాకేజీ, పొగలు కక్కే చలిమందు. డాక్టరమ్మ ముందు ఆవిడను లేదన్న సంగతి కూడా చెప్పాను. ఆ మాట దగ్గర పిన్ని తల ఊపింది, తెలిసిన సంగతే అన్నట్టు. విస్తరాకు ముక్క సంగతి నేనెత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

"రంగు తిరిగొస్తుందన్నారా?" అంది.

"వస్తుందనే అంటున్నారు. ఇదుగో, అంచుల్లో చుక్కలు చుక్కలుగా మొదలయింది."

పిన్ని అద్దాలు సరిచేసుకుని ఆ చుక్కలు చూసింది. బొటనవేలితో ఒకసారి రుద్ది చూసింది. అప్పుడు భయం తగ్గి నవ్వింది. "నీ దగ్గరికి చుట్టపుచూపుకొచ్చిందిలే. నా దగ్గర కాపురమే పెట్టింది" అని మొహం నా ముందుకు వంచింది. బొట్టు పెట్టాను. ఆ తెల్లటి నుదుటిమీద కుంకుమ ఎంత ఎర్రగా ఉందో చెప్పలేను.

"పెళ్ళిలో తాంబూలాలు నా పక్కన నిలబడి నువ్వే ఇవ్వాలి" అన్నాను.

"నలుగురూ పుచ్చుకోవద్దూ?"

"పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకుంటారు. లేనివాళ్ళకు విస్తరాకులో పెట్టి జరుపుదాం" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

పిన్ని నావైపు చాలాసేపు చూసింది. గుర్తుంది ఆవిడకు. తర్వాత మిషను మీది లంగా తీసి మడత పెడుతూ, "అయితే జాకెట్టు కొలతలు పంపు. పెళ్ళికూతురి జాకెట్లు నేను కుట్టకపోతే ఎవరు కుడతారు? ఆ హైదరాబాదు వాళ్ళకు చేతులు పట్టడం తెలియదు" అంది.